ఐదు వందల అరవై మూడు గొలుసులు

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు బడి ఆటో మా పల్లె స్టేజి దగ్గర ఆగింది. ముగ్గురు పిల్లలు ఎక్కారు. నాలుగో పిల్ల సంచీ భుజాన వేసుకుని కిందనే నిలబడింది. ఎక్కిన ముగ్గురూ అవతలి తండా పిల్లలు. ఈ పిల్ల మా పల్లెదే, ఆరో తరగతిలో కొత్తగా చేరింది. ఆటోలో ముందు కూర్చున్న టీచరు చేతిలో ఒక పేర్ల కాగితం ఉంది. అందులో ఈ పిల్ల పేరు లేదు. నేను హనుమకొండ బస్సు కోసం అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాను. మా అక్క పోయి రెండు నెలలైంది. ఆమె పేరు మీద ఉన్న కొద్దిపాటి పొలం కాగితాల పని మీద పల్లెకు వచ్చి, తిరిగి వెళ్తున్నాను.

"నేను చేసేదేం లేదక్కా," అంటోంది టీచరు, పిల్ల తల్లితో. "బడి అయిదు కిలోమీటర్లు దాటి ఉన్నోళ్లకే ఆటో. మీ ఇల్లు ఫోన్ల నాలుగు పాయింట్ నాలుగే చూపిస్తాంది."

"ఫోను ఎన్నడన్న నడిచిందా మేడం? నడిచేది నా బిడ్డనాయె."

నాకు ఆ అంకె దగ్గర చెవి నిలిచింది. లేచి వెళ్లి, "ఏ దారి చూపిస్తాందో ఒకసారి చూడు బిడ్డా," అన్నాను. టీచరు ఫోను నా వైపు తిప్పింది. నీలం చుక్కలు మా పల్లె నుండి తిన్నగా పడమటికి పోయి, వాగు దాటి, బడి వెనక తేలాయి. "ఆ వాగు మీద ఇప్పటికన్న వంతెన పడ్డదా?" అని అడిగాను. "ఏడ వడ్డది పెద్దమ్మా, వానకాలం నడుముల్లోతు పారుతది," అంది తల్లి. టీచరు నాలిక కరుచుకుంది. "అయ్యో, ఇది నడకదారి మీదున్నది," అంటూ ఫోను మీద మోటారు బండి బొమ్మ నొక్కింది. గీత రోడ్డు మీదికి వచ్చింది. అయిదు పాయింట్ ఏడు. కాగితం మీద పిల్ల పేరు రాసుకుని ఎక్కించుకుంది. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. మా ఇంట్లో ఇదే పని జరగడానికి ఒక వానకాలం పట్టింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఐదుగురం. బాపు, అమ్మ, బాపును కన్న తల్లి బాపమ్మ, అక్క సరోజన, నేను. మా బాపును ఊళ్లో గొలుసు సాయిలు అనేవారు. రెండెకరాల మెట్ట చెలక ఉండేది కానీ ఆయన పేరు నిలిచింది భూమి కొలవడం వల్ల. అన్నదమ్ములు పంచుకున్నా, హద్దు రాయి దగ్గర మాటామాటా పెరిగినా, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆయన్ను పిలుచుకుపోయేవారు. సర్కారు ఉద్యోగి కాదు. ఆయన గొలుసు పొడవు ముప్పై మూడు అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. ఈ లెక్క నాకు ఎక్కాల కన్నా ముందు వచ్చింది. కొలత నుండి వచ్చిన సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని, ఆముదంలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క కడియాన్నీ తుడిచేవాడు. తుడిచాక చేతులు కడుక్కోకుండానే అన్నానికి కూర్చునేవాడు. ఇనుము, ఆముదం, అమ్మ కాచిన చింతపండు చారు, ఈ మూడూ కలిసిన వాసన మా ఇంటి సాయంత్రపు వాసన. ఆ తర్వాత చాలా ఇళ్లలో ఉన్నాను. ఆ వాసన మళ్లీ తగలలేదు, తగలాలని నేను వెతకనూ లేదు.

బాపమ్మకు గొలుసు మీద నమ్మకం ఉండేది కాదు. ఆమె దూరాన్ని చుట్టలతో చెప్పేది. ముట్టించిన చుట్ట అయిపోయేలోగా నడిచే దూరం ఒక చుట్ట దూరం. చెలక అరచుట్ట. బాపమ్మ పుట్టిల్లు ఏడు చుట్టలు. అక్క చదివే హైస్కూలు పెద్ద ఊళ్లో ఉండేది, అది మూడు చుట్టలు. "ఎండాకాలం మూడు, వానకాలం నాలుగు, బురదల చుట్ట ఆరిపోతది," అనేది. అమ్మ దూరాన్ని పనితో చెప్పేది. జొన్న గటక ఉడికేలోగా పోయి రావచ్చు, రాలేం అని. ఒకే ఇంట్లో ఒకే దారికి ఇన్ని కొలతలు ఎందుకున్నాయో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా కొలతల గురించి దొరికిందల్లా చదివాను. మూరలు, కోసులు, ఆమడలు, పరాయి దేశాల వాళ్ల అడుగులు, గజాలు. మా బాపమ్మ చుట్ట మాత్రం ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

అక్క ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది, పొద్దుటి బస్సు ఒకటి మా పల్లె మీదుగా పెద్ద ఊరికి, అక్కడి నుండి నర్సంపేటకు పోవడం మొదలైంది. దానితో పాటే హైస్కూలుకు ఒక కాగితం వచ్చింది. బడికి ఐదు కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ల పిల్లలకు బస్సు పాసు ఇవ్వవచ్చునని. హైస్కూలు హెడ్మాస్టరును మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఏ ఊరు ఎంత దూరమో ఆయన దగ్గర లెక్క లేదు. మనిషిని పంపి బాపును పిలిపించుకున్నాడు. నాలుగు పల్లెల దూరాలు కొలిచి రాసిమ్మన్నాడు. బాపు నాలుగు రోజులు తిరిగి కొలిచి ఇచ్చాడు. మా పల్లె దూరం నాలుగు వందల ముప్పై ఒక్క గొలుసులు అని రాశాడు. ఐదు కిలోమీటర్లు కావాలంటే నాలుగు వందల తొంభై ఏడు ఉండాలి. మిగతా మూడు పల్లెల పిల్లలకు పాసులు వచ్చాయి. మా పల్లెకు రాలేదు.

బాపు వాగు దారిన కొలిచాడు. చెలకల గట్ల మీదుగా, వాగులో దిగి, అవతలి ఒడ్డెక్కి, బడి వెనక గోడ దాకా. పిల్లలు రోజూ నడిచే దారి అదే. పైగా పొలం కొలిచేవాడు గట్టు వంపును పట్టుకుని పోడు. రాయి నుండి రాయికి గొలుసు బిగించి తిన్నగా పోతాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేతికి అదే అలవాటు. ఊళ్లో వాళ్లు అరుగు దగ్గరికి వచ్చి గొణిగారు.

"సాయిలన్నా, జర అటో ఇటో రాయరాదె? నీ బిడ్డ గూడ వోతాంది గదనే."

"నా బిడ్డ వోతాందనే అటో ఇటో రాయలే," అన్నాడు బాపు.

ఆ మాట ఇంట్లో అందరం విన్నాం. అక్క తలెత్తలేదు, జొన్నరొట్టె తుంచుకుని తింటూనే ఉంది.

వానలు పడ్డాక వాగు వచ్చింది. మొదటి వారం అక్క సంచీ నెత్తిన పెట్టుకుని, మిగతా పిల్లల్లో ఇద్దరు ముగ్గురి చేతులు పట్టుకుని దాటింది. రెండో వారం ఒక సాయంత్రం నిలువునా తడిసి వచ్చింది. సంచీ లేదు. కాలు జారిందని, ఎవరో గొర్లకాపరి జుట్టు పట్టి గుంజాడని, మిగతా పిల్లలు చెప్పారు. అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి తల తుడిచింది. బాపమ్మ చుట్ట పక్కన పెట్టింది. అలా పెట్టిందంటే పెద్ద మాట వస్తుందని మాకు తెలుసు.

"ఇగ సాలు. రేపటి సంది బడి బందు. ఏడు సదివింది, సాలదా? సంతకం వెట్టుడచ్చింది."

"వాగు తగ్గినంక వోతది," అంది అమ్మ.

"తగ్గేటాలకు దసరా అయితది. దసరా అయినంక పత్తి ఏరుడు. ఇగ ఎప్పుడు వోతది?"

బాపమ్మ లెక్క సరైనదే. పత్తికి ఆగిన ఆడపిల్లలు మళ్లీ బడికి పోవడం మేమెవరం చూడలేదు. రోజూ టికెట్టు కొని బస్సులో పంపే ఇల్లు కాదు మాది. అక్క బాపు వైపు చూసింది. బాపు గొలుసు తుడుస్తున్నాడు. కడియం కడియం తుడిచి, చిలక్కొయ్యకు తగిలించి, "చూద్దాం తియ్," అని బయటికి పోయాడు.

మర్నాడు బాపు ఏదో ఊళ్లో పంపకాలకని రెండు రోజులు పోవలసి ఉంది. ఆ సాయంత్రమే, బయటికి పోయిన ఆయన ఇంటికి రాకముందు, అక్క చిలక్కొయ్య నుండి గొలుసు దించి వాకిట్లో పరిచింది. బాపు సైకిలు తెచ్చి, వెనక చక్రం పుల్లకు ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టి, గొలుసు పొడుగునా నడిపించింది. ఒక గొలుసుకు చక్రం నాలుగున్నర చుట్లు తిరిగింది. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ నాలుగున్నరే. తర్వాత గొలుసును ఉన్నట్టే తగిలించి, నా చెవిలో చెప్పింది. "రేపు నువ్వు నాతోని వస్తవు. లెక్కవెట్టుడు నీ పని. నడుమ ఎవలతో మాట్లాడినవంటె మాత్రం తంత."

బాపు గొలుసు తీసుకుని బస్సెక్కి పోయాక మేము బయల్దేరాం. చెలకకు పోతున్నామని అమ్మకు చెప్పాం. అక్క సైకిలు నడిపిస్తూ ఎర్ర పేలిక పైకి వచ్చిన ప్రతిసారీ "ఊఁ" అనేది, నేను అంకె చెప్పేదాన్ని. వంద కాగానే కుడి చేతిలోని చింతగింజల్లోంచి ఒకటి తీసి ఒడిలో వేసుకోవాలి. ఎనిమిది గింజలు పడ్డాక తాటిచెట్టు దిగుతున్న నర్సయ్య తాత మమ్మల్ని చూశాడు.

"ఏందే పోరీ, సైకిలెక్కక నడిపిచ్చుకుంట వోతాన్లు? గాలి వోయిందా?"

అక్క "ఊఁ" అంది. నేను "ఎనిమిది వందల నలభై ఒకటి," అన్నాను.

"ఏందీ, ఎనిమిది వందలా? సైకిలు అమ్ముతాన్లా ఏంది? మీ బాపుకు ఎరికేనా?"

"అమ్ముతలేం తాతా, కొలుస్తానం!" అని నోరు జారాను.

"సైకిలు కొలుసుడేందే! గొలుసోని బిడ్డలు గొలుసోని బిడ్డలే," అని తాత నవ్వుకుంటూ పోయాడు. అక్క అప్పటికే నాలుగు అడుగులు ముందుకు పోయింది. నేను పరుగెత్తి, తోచిన అంకె దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. ఆ సంగతి అక్కకు చెప్పలేదు. బడి గేటు దగ్గరికి చేరేసరికి ఒడిలో ఇరవై ఐదు గింజలు, పైన ఇరవై తొమ్మిది చుట్లు. అక్క నేల మీద పుల్లతో భాగహారం చేసింది. ఐదు వందల అరవై రెండు గొలుసులు.

బడి గేటు తెరిచే ఉంది. పెద్దసారు వరండాలో కూర్చుని ఉన్నాడు. "చెప్పక్కా," అన్నాను. అక్క ఆయన్ను చూసింది, నేల మీది లెక్కను కాలితో చెరిపేసింది. "మొదలు బాపుకు చెప్పాలె," అంది. ఆ క్షణం నాకు చాలా కాలం అర్థం కాలేదు. లోపలికి పోయి చెబితే ఆ రోజే పని అయ్యేది. బాపు మాట మాత్రం పోయేది.

బాపు తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున ఆయన గటక తాగుతుంటే అక్క ఇరవై ఐదు గింజలు ఆయన ముందు పోసింది. సైకిలు సంగతి, ఎర్ర పేలిక సంగతి, నాలుగున్నర సంగతి చెప్పింది. బాపమ్మ ఊరుకోలేదు.

"తండ్రి లెక్కకే తప్పువడుతానవా? గీ బుద్ధేనా బల్లె నేర్పేది?"

"తప్పంటలేను బాపమ్మా. బాపు కొల్సింది మనిషి నడిచే దారి. నేను కొల్సింది బస్సు నడిచే దారి. పాసు బస్సుకు గద."

బాపు గింజల్ని వేలితో ఐదైదుగా జరిపి లెక్కపెట్టాడు. ముంత ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, లేచి చిలక్కొయ్య నుండి గొలుసు దించాడు. ఒక కొస తాను పట్టుకుని రెండో కొస అక్క ముందు పెట్టాడు.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. తగాదా ఉన్న భూమికి పోతే గొలుసు పట్టడానికి మూడో మనిషిని పెట్టుకునేవాడు కాదు. తగాదా పడిన ఇద్దరి చేతే రెండు కొసలూ పట్టించేవాడు. వారాల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములైనా సరే, ఒకరు లాగితే ఒకరు నిలవాలి, ఒకరు "వచ్చింది" అంటే ఒకరు "కదులు" అనాలి. తాను పక్కన నడుస్తూ లెక్క పెట్టేవాడు. చివర ఇద్దరూ వేలిముద్రలో సంతకాలో పెట్టాలి. ఆ రోజు ఆయన అక్కకు గొలుసు ఇచ్చిన తీరు బాపమ్మకు వెంటనే తెలిసిపోయింది. "బిడ్డతోని తగాదా వెట్టుకుంటానవారా సాయిలూ," అంది. ఈసారి గొంతులో కోపం లేదు. బాపు, "వెట్టుకున్నది నేనే గదా అవ్వా," అన్నాడు.

లెక్క పెట్టే పని మళ్లీ నాకే వచ్చింది. ఊళ్లో జనం వాకిళ్లలో నిలబడి చూశారు. అక్క ముందు, బాపు వెనక. పల్లె దాటాక రోడ్డు ఒక మక్కచేను చుట్టూ వంపు తిరుగుతుంది. అక్కడ బాపు అలవాటు కొద్దీ గొలుసు బిగించి, చేను మీదుగా అవతలి మలుపుకు చూపు నిలిపి, "తిన్నగ పట్టు," అన్నాడు. అక్క కదల్లేదు.

"బస్సు మక్కచేన్లకెళ్లి పోదు బాపూ."

బాపు గొలుసు వదులు చేశాడు. చేను వైపు, రోడ్డు వైపు, మళ్లీ చేను వైపు చూశాడు. కొత్త సంగతి విన్న మనిషి ముఖం అలా ఉంటుందని నేను మొదటిసారి చూశాను. "నిజమే," అన్నాడు. ఆ తర్వాత ప్రతి వంపు దగ్గరా అక్క ఎటు అంటే అటే గొలుసు పోయింది. బడి గేటు దగ్గర ఐదు వందల అరవై మూడు వచ్చింది.

"నీ లెక్కకు ఒక గొలుసు తక్కువైంది. ఏడ పారేసినవ్ బిడ్డా?" అని బాపు అక్కను అడిగాడు. నేను నేల చూశాను. ఒక గొలుసంటే నాలుగున్నర చుట్లు. నర్సయ్య తాతతో మాట్లాడుతూ పోగొట్టినవి అవేనని నాకు తెలుసు.

పెద్దసారు బాపును చూసి లేచాడు. "ఏం సాయిలూ, మళ్లొచ్చినవ్?"

"సార్, మొదలు నేను రాసిచ్చింది తప్పయింది. బస్సు దారి కొల్వాలె, నేను కాలిదారి కొల్సిన."

"అంతేనా? నువ్వు చెప్పినవు గద, నేను దిద్దుకుంట తియ్."

"మీరు దిద్దద్దు సార్. రాసినోన్ని నేను, నేనే కొట్టేస్త." పాత అంకె మీద గీత కొట్టి, కింద కొత్తది రాసి, సంతకం పెట్టాడు. తర్వాత కాగితం అక్క వైపు జరిపాడు. "కొస వట్టింది ఇది. దీని సంతకం గూడ ఉండాలె."

పెద్దసారు నవ్వాడు కానీ కలం అక్క చేతికి ఇచ్చాడు. తన పాసుకు తానే సంతకం పెట్టుకున్న పిల్ల మరొకరు ఉండరనుకుంటాను. నెల తిరిగేలోపు మా పల్లె పిల్లలు ఆరుగురికి పాసులు వచ్చాయి. అక్క పది పాసై, నర్సు శిక్షణకు పోయి, హనుమకొండలో ఒక దవాఖానలో పదవీ విరమణ దాకా పనిచేసింది. నేను హైస్కూలుకు వచ్చేసరికి పాసు మామూలు విషయమైపోయింది, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

బాపుకు మాత్రం ఆ కాగితం ఊరికే పోలేదు. అంతకు ముందు ఆయన కొలిచాక మళ్లీ కొలవమన్నవాడు లేడు. ఆ ఏడాదిలోనే ముగ్గురు వచ్చారు. "బిడ్డ లెక్కకు మారినోనివి, మా హద్దు గూడ ఒకసారి చూడరాదె," అన్నారు. బాపు విసుక్కోలేదు. మూడింటినీ మళ్లీ కొలిచాడు. మూడూ మొదట వచ్చినట్టే వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన గొలుసు తుడవడానికి అంతకు ముందు కన్నా ఎక్కువ సేపు తీసుకునేవాడని అమ్మ అనేది. నేను గమనించలేదు.

నాకు ఇప్పటికీ తేలని సంగతి ఒకటి ఉంది. రోజూ ఆ బస్సును చూసే మనిషికి, బస్సు వాగులోంచి పోదని నిజంగా తట్టలేదా? లేక తన బిడ్డకు మేలు జరిగే కొలత అనుమానం తెస్తుందని, తక్కువ వచ్చే దారినే ఎంచుకున్నాడా? మక్కచేను దగ్గర ఆయన ముఖం గుర్తొచ్చినప్పుడు మొదటిదే నిజమనిపిస్తుంది. అరుగు మీద ఊరివాళ్లకు చెప్పిన మాట గుర్తొస్తే రెండోది. దవాఖానలో మంచం మీదున్న అక్క పక్కన కూర్చున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అడిగాను. అడిగే సమయం కాదేమో. కానీ అడగడానికి ఇంకెవరూ లేరు.

"తెల్వదే," అంది అక్క. "నేను అడుగలె."

"ఎందుకడుగలే? ఇన్నేండ్లున్నవు గదా ఆయనతోని."

"కొస నా చేతికిచ్చిండు. ఇగ అడిగేదేముంటది?" అక్క కళ్లు మూసుకునే, "నువ్వు ఆ నాలుగు చుట్లు ఏడ వోగొట్టినవో నాకప్పుడే ఎరుకనే," అంది. మేమిద్దరం నవ్వాం. పక్క మంచం మనిషి మా వైపు చూసింది. ఆ వారం తర్వాత అక్క లేదు.

ఈసారి పల్లెలో అక్క పొలం కొలవడానికి సర్వేయరు వచ్చాడు. మంచి పిల్లవాడు, మర్యాదగా మాట్లాడాడు. ఒక కర్ర మీద పరికరం నిలబెట్టి, నాలుగు మూలలా తిరిగి, అరగంటలో ముగించాడు. పక్క పొలం మనిషికి మాతో ఒక గట్టు దగ్గర పేచీ ఉంది. అతను ఆ గట్టు చివరన, నేను ఈ చివరన నిలబడ్డాం. మా ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు, మాట్లాడుకోవలసిన అవసరమూ రాలేదు. పరికరం చూపిన అంకె తప్పని నేను అనుకోను. బాపు గొలుసు కన్నా అది సరిగ్గానే కొలిచి ఉంటుంది. ఇప్పుడు మా వైపు భూమి కొలిచేటప్పుడు తగాదా ఉన్న ఇద్దరి చేత చెరో కొస పట్టించడం లేదు.